అడ్డకడ్డీ

వానల్లో వంతెన కొట్టుకుపోయాక ఏటికి ఇవతల మిగిలిన బండి ఒక్కటే, మా నాన్న పాత జీపు. మిగతా బళ్ళన్నీ ఆ రోజు అవతల ఉండిపోయాయి. మా జీపు మాత్రం గేర్‌బాక్సు విప్పి షెడ్డులో పడి ఉంది కాబట్టి మాకు దక్కింది.

నాన్న మెకానిక్కు. ముందు షెడ్డు, వెనక ఇల్లు. ఇంట్లో నలుగురం: నాన్న, అమ్మ, బాబాయి, నేను. బాబాయికి రెండు కిడ్నీలూ పాడై రెండేళ్ళయింది. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి ఆస్పత్రికి వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒక వాయిదా తప్పితే కాళ్ళు పొంగుతాయి. రెండు తప్పితే ఊపిరాడదు. ఆస్పత్రి అవతలి ఒడ్డు నుంచి పదహారు కిలోమీటర్లు. వంతెన ఉన్నప్పుడు అరగంట ప్రయాణం. వంతెన పోయాక చేపలు పట్టే ఆయన తన చిన్న పడవలో దాటించేవాడు. అవతల బండి కోసం ఎదురు చూడాలి. ఒకసారి మధ్యాహ్నం దాకా ఏ బండీ రాలేదు. బాబాయి ఒడ్డున రాతికి చేరగిలబడి, "నన్ను పైకి తీసుకుపోయేవాడికి కూడా బండి దొరకనట్టుంది" అన్నాడట. చేపలాయన ఆ మాట మాకు నవ్వుతూ చెప్పాడు. అమ్మ నవ్వలేదు.

ఆ రోజు అన్నాల దగ్గర నాన్న, "జీపుని పడవెక్కిద్దాం" అన్నాడు.

"ఆ పడవని ఎవరు లాగుతారు?" అంది అమ్మ.

"జీపే."

అమ్మ ఆయన మొహంలోకి చూసి, "ముందు తినండి" అంది.

నాన్న ఆలోచన ఇది. ఖాళీ డ్రమ్ముల మీద చెక్క బల్ల. బల్లకి ఒక చివర నాలుగు ఇనుప రోలర్లు. జీపు వెనక చక్రం ఒక్కొక్కటీ రెండు రోలర్ల మధ్య గుంటలో కూర్చుంటుంది. గేరు వేస్తే చక్రం తిరుగుతుంది, అది రోలర్లని తిప్పుతుంది, రోలరు ఇరుసుకి బల్ల బయట బిగించిన తెడ్ల చక్రాలు నీళ్ళని నెడతాయి. జీపు ఉన్నచోటే ఉంటుంది, బల్ల ముందుకు పోతుంది. అవతలి ఒడ్డు రాగానే జీపు బల్ల దిగి నేరుగా రోడ్డెక్కుతుంది. "ఇంజను ఒకటే ఉన్నప్పుడు రెండు ఉద్యోగాలూ అదే చెయ్యాలి" అన్నాడు నాన్న.

నాన్నకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. పానాల మీది నంబర్లు, టైర్ల మీది కొలతలు చదువుకుంటాడు. ఉత్తరం వస్తే మాత్రం బాబాయి చదివిపెట్టాలి. నాకేమో అక్షరాలు వచ్చు, నోరు పెగలదు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు కూడా నా బదులు పక్కపిల్ల పలికేది. ఇంట్లో ఏం కావాలన్నా నోట్‌బుక్కులో రాసి బాబాయి దిండు పక్కన పెట్టేదాన్ని. ఆయన చదివి, "అన్నయ్యా, రేడియో వార్తలు విను. చెప్పులు తెగాయట, వేలు బయటికొస్తోందట" అనేవాడు. నన్ను ఆయన రేడియో అని పిలిచేవాడు. నాన్న వెంటనే చెప్పులు తెచ్చేవాడు. మా ఇంట్లో ఇది ఎప్పుడూ ఎవరికీ వింతగా అనిపించలేదు.

పడవకి లెక్కలు నావి. డ్రమ్ములో ఎన్ని నీళ్ళు పడతాయో అంత బరువుని డ్రమ్ము తేల్చగలదని బళ్ళో చెప్పారు. జీపు, బల్ల, మనుషులు అన్నీ కూడి, డ్రమ్ములు సగమే మునిగేలా లెక్కేస్తే ఇరవై రెండు వచ్చాయి. అంకె వేసి, పక్కన డ్రమ్ముల బొమ్మ గీసి, నోట్‌బుక్కు నాన్న పనిముట్ల పెట్టె మీద పెట్టాను. నాన్న బొమ్మ చూశాడు, అంకె చూశాడు, ఊళ్ళోకి వెళ్ళి ఇరవై రెండు డ్రమ్ములు అడిగి తెచ్చాడు. అప్పటి నుంచి ఆ నోట్‌బుక్కు అక్కడే ఉండేది. కొలత కావాలంటే నాన్న తెరిచి చూసుకునేవాడు. నూనె చేతులతో తిప్పిన పేజీల మూలలు నల్లగా అయ్యాయి.

జీపు గేర్‌బాక్సు బిగించడంతో కలిపి పని పన్నెండు రోజులు పట్టింది. ఎదురింటి టైలరు రోజూ మిషను ఆపి వచ్చి నిలబడేవాడు.

"నీళ్ళ మీద నడిపేదానికి బ్రేకులు ఎక్కడ పెడతావ్?"

"నీ నోటికి పెడతాను ముందు" అన్నాడు నాన్న, వెల్డింగు అద్దం తియ్యకుండానే.

చివరగా నాన్న బల్ల ముందు అంచున ఒక లావు ఇనుప కడ్డీ అడ్డంగా వెల్డింగు చేశాడు. రోలర్లు ఉన్న చివర నుంచి జీపు ఎక్కితే ముందు చక్రాలు వచ్చి ఆ అడ్డకడ్డీకి ఆనుకుంటాయి. ఏం జరిగినా జీపు దాన్ని దాటి పోలేదు. అవతలి ఒడ్డున బల్లని తిప్పి జీపుని వెనక్కి దింపుకోవచ్చన్నాడు.

ఆ వారం ఎగువన ఆనకట్ట గేట్లెత్తారు. ఏరు ఎర్రగా పొంగింది. ఈ వడిలో చిన్న పడవ వెయ్యలేనని చేపలాయన చేతులెత్తేశాడు. మంగళవారం వాయిదా తప్పింది. బుధవారానికి బాబాయి కాళ్ళు నొక్కితే వేలిముద్ర గుంటలా నిలిచిపోతోంది.

బుధవారం పొద్దున బల్లని నీళ్ళలోకి దించి, తాడుతో ఒడ్డుకి కట్టి, జీపు ఎక్కించారు. ఊరంతా వచ్చింది. నాన్న మొదటి గేరు వేశాడు. తెడ్లు నీళ్ళని కొట్టాయి. బల్ల వెనక్కి వచ్చి ఒడ్డుని గుద్దుకుంది.

టైలరు, "ఇంటి మీద బెంగ పెట్టుకుంది పాపం" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

తప్పు ఎక్కడుందో నాకూ నాన్నకీ ఒకేసారి తెలిసింది. చక్రం ఒక వైపు తిరిగితే దాని కింది రోలరు రెండో వైపు తిరుగుతుంది. జీపు ముందుకు వెళ్ళాలనుకుంటే పడవ వెనక్కి వెళ్తుంది. పన్నెండు రోజులు ఇద్దరం ఆ రోలర్ల పక్కనే కూర్చున్నాం, ఇద్దరికీ తట్టలేదు. రివర్సు గేరులో నడిపితే పడవ ముందుకే పోతుంది కానీ, ఆ గేరులో అంత వడిని దాటే వేగం రాదు.

"పడవనే తిప్పేద్దాం" అన్నాడు నాన్న. "రోలర్లున్న కొస అవతలి ఒడ్డు వైపు. జీపు ఈ కొస నుంచి వెనక్కి నడుపుతూ ఎక్కుతుంది. దాని మొహం మన వైపు, వీపు అవతలి వైపు. గేరు వేస్తే అందరం వెనక్కి తిరిగి ముందుకు పోతాం."

"మరి వచ్చేటప్పుడు?" అన్నాడు చేపలాయన.

"వచ్చేటప్పటి సంగతి వచ్చేటప్పుడు."

కాకపోతే ఇప్పుడు జీపు ఎక్కాల్సిన కొసనే అడ్డకడ్డీ ఉంది. నాన్న దాన్ని కోసేశాడు. కోసిన కడ్డీని షెడ్డు గోడకి ఆనించాడు. దాని బదులు జీపు ఎక్కాక ముందు చక్రాల ముందు రెండు చెక్క దిమ్మలు పెట్టాడు. "వెనక చక్రాలు గుంటలో కూర్చున్నాయి. ఇంకెటు పోతుంది?" అన్నాడు.

గురువారం మళ్ళీ నడిపి చూశారు. పడవ ముందుకు పోయింది. ఒడ్డున అరుపులు, చప్పట్లు. తిరిగి లాగేటప్పుడు కట్టిన తాడు ఒక తెడ్ల చక్రానికి చుట్టుకుంది. ఆ చక్రం ఆగింది, దానితో రోలర్లు ఆగాయి, జీపు మూలిగి జానెడు ముందుకు దూకింది. ఒక దిమ్మ పక్కకి జరిగింది. నాన్న క్లచ్ తొక్కాడు, జీపు మళ్ళీ గుంటలో కూర్చుంది. అందరూ తాడు వైపు చూస్తున్నారు. నేను చక్రాన్ని చూస్తున్నాను.

ఇంటికొచ్చి నోట్‌బుక్కులో రాశాను: "రోలర్లు తిరిగినంతసేపే జీపు ఉన్నచోట ఉంటుంది. అవి ఆగితే జీపు నడిచి వెళ్ళిపోతుంది. దిమ్మలు ఆపలేవు. అడ్డకడ్డీ మళ్ళీ పెట్టాలి. వెల్డింగు కాదు, బోల్టులతో. జీపు ఎక్కాక బిగించాలి." బొమ్మ గీయలేదు. నాన్న పన్నెండు రోజులు కష్టపడిన దాన్ని తప్పు పడుతూ బొమ్మ గీయడానికి చెయ్యి రాలేదు. అక్షరాల్లో అయితే అది బాబాయికీ నాకూ మధ్య ఉంటుంది.

బాబాయి పడుకోలేక రెండు దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"బాగా పట్టావే" అన్నాడు. "వెళ్ళి చెప్పు."

నేను ఆయన వైపు చూశాను.

"నేను చెప్పను. ఈ ఒక్కసారికి నువ్వే చెప్పు. నేనెన్నాళ్ళుంటానో నాకే తెలీదు, రేడియో. తర్వాత నీ మాట ఎవరు మోస్తారు?"

నోట్‌బుక్కు నా చేతిలో పెట్టాడు. నేను షెడ్డులోకి వెళ్ళాను. నాన్న చుట్టూ ఏడెనిమిది మంది మగవాళ్ళున్నారు. టైలరు టీ పోస్తున్నాడు. నాన్న నన్ను చూసి, "ఏమ్మా?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నోట్‌బుక్కుని పనిముట్ల పెట్టె మీద, ఆ పేజీ తెరిచి పెట్టి వచ్చేశాను. కాసేపటికి నాన్న దాని వైపు చూశాడు. అంకెలు లేవు, బొమ్మ లేదు. ఎగిరిపోకుండా దాని మీద పానా పెట్టాడు.

శుక్రవారం పొద్దున బాబాయిని ఇద్దరు ఎత్తుకొచ్చి జీపులో నాన్న పక్క సీటులో కూర్చోబెట్టారు. ఒరిగిపోతున్నాడు. పడిపోకుండా సైకిలు ట్యూబుతో సీటుకి కట్టమన్నాడు నాన్న. అమ్మ ఆయన భుజాలు పట్టుకుంటే నేను కట్టాను. రెండు చుట్లు చుట్టి, వెనక ముడి వేశాను.

"చెప్పావా?" అన్నాడు బాబాయి మెల్లగా.

తల అడ్డంగా ఊపాను.

"ఇప్పుడు చెప్పు. ఆగుతాడు."

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. పరీక్షలో జవాబు తెలిసిన పిల్లని చూసినట్టు, కొంచెం నవ్వుతూ. తను చెప్పగలడు. ఒక్క మాట చాలు. దిమ్మలు నిన్న జరిగినా ఆగాయి కదా, ఈ ఒక్కరోజుకి ఆగుతాయిలే అనుకున్నాడేమో. నాకు తెలీదు. నేను నాన్న వైపు తిరిగాను. నోరు తెరిచాను కూడా. నాన్న తాళం తిప్పాడు. ఇంజను చప్పుడు పైకి లేచింది.

"దిగు తల్లీ, ఆలస్యమవుతోంది" అన్నాడు.

దిగాను.

జీపు మొహం మా వైపే ఉంది కాబట్టి వాళ్ళు వెళ్తున్నంతసేపూ మాకు ఎదురుగానే కనిపించారు. అద్దంలోంచి నాన్న, బాబాయి. అవతలి కొసన చుక్కాని పట్టుకుని చేపలాయన. బాబాయి చెయ్యెత్తడానికి ప్రయత్నించాడు. చిన్నగా అవుతున్నారు. సగం దాటారు. ఎగువ నుంచి గుర్రపుడెక్క పెద్ద గుంపుగా కొట్టుకొస్తోంది. చేపలాయన కేక వేసి చుక్కాని తిప్పాడు. గుంపు ఎడమ తెడ్ల చక్రంలోకి వెళ్ళింది.

చప్పుడు మారింది. జీపు ముక్కు పైకి లేచింది. తర్వాత జీపు మా వైపు నడిచి వచ్చింది. నెమ్మదిగానే వచ్చింది. దిమ్మలు రెండూ నీళ్ళలో పడ్డాయి, ముందు చక్రాలు అంచు దాటాయి, జీపు తల వంచి దిగిపోయింది.

నాన్న బయటికి తేలాడు. మళ్ళీ మునిగాడు. ఎన్నిసార్లు మునిగాడో చేపలాయనకి కూడా లెక్క తెలీదు. చివరికి చేపలాయనే నాన్నని జుట్టు పట్టుకుని బల్ల మీదికి లాగాడు. మూడో రోజున కిలోమీటరు దిగువన జీపు దొరికింది. నేను వేసిన ముడి అలాగే ఉంది.

ఇరవై రోజులు నాన్న షెడ్డు తెరవలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నోట్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మొదటి నుంచి చదువమ్మా. ఎక్కడ తప్పు చేశానో చూడాలి. చదివేవాడు లేడు కదా."

నేను ఆయనకి ఎప్పుడూ ఏదీ చదివి వినిపించలేదు. మొదలుపెట్టాను. డ్రమ్ములు ఇరవై రెండు. బల్ల పొడవు, వెడల్పు. రోలరు లావు. నాన్న ప్రతిదానికీ తలాడించాడు. పానా ముద్ర పడిన పేజీ వచ్చింది. దాన్ని తిప్పెయ్యొచ్చు. ఆయనకి తెలిసే దారి లేదు.

చదివాను. ఒక్కో మాటా చదివాను.

"ఎప్పుడు రాశావు?"

"గురువారం."

"వాడు చదివాడా?"

"చదివాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నన్ను చెప్పమన్నాడు."

నాన్న చెవి మీద ఉన్న పెన్సిలు తీసి ఇచ్చాడు. "బొమ్మ గీయి."

గీశాను. బల్ల, జీపు, చక్రాలు. వాటి ముందు అడ్డంగా ఒక గీత, రెండు చివర్లా రెండు బోల్టులు. నాన్న ఒక్క చూపులో గ్రహించాడు. ఆ గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు. గీత చెరిగి నల్లటి మరకయింది.

లేచి బయటికి వెళ్ళాడు. షెడ్డు తలుపు చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు గోడకి ఆనించిన ఆ కడ్డీ చేతిలో ఉంది, కోసిన చోట అప్పుడే తుప్పు పట్టింది. మళ్ళీ నా ఎదురుగా కూర్చుని దాన్ని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చి ఏమిటని అడిగింది.

నాన్న నా వైపు చూశాడు, నేను చెప్పాలన్నట్టు.

చెప్పడం మొదలుపెట్టాను.