నైవేద్యం తిన్న జేజి

నేను ఒక కంచు గంటను. దేవుడి గంటనని చెబితే మీరు వెంటనే కళ్ళకద్దుకుంటారు. కాస్త ఆగండి. నేను పుట్టింది పాత చెంబులూ చిట్లిన పళ్ళేలూ కరిగించి పోసిన అచ్చులో. కొలువు చేసింది తణుకు వీధుల్లో, పుల్లైసు బండి మీద. నా చప్పుడు వింటే పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు, తల్లులు నన్ను తిట్టుకునేవారు. కాసులు అనే ఆ బండివాడు బ్యాటరీ మైకు కొనుక్కోగానే నన్ను పాత సామాన్ల కొట్టులో తూకానికి వేశాడు. అక్కడ ఒక పెద్దాయన నన్ను గీసి గీసి బేరమాడి కొన్నాడు. చింతపండు పెట్టి తోమి, పసుపూ కుంకుమా అద్ది, కాపురానికి వెళ్తున్న కూతురు అలేఖ్య చేతిలో పెట్టాడు. నిన్నటిదాకా ఐసు అమ్మినదాన్ని, మర్నాటినుంచి దేవుణ్ణి నిద్రలేపాను. మనుషుల భక్తిని చూస్తే నాకు నవ్వు రావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అలేఖ్యా, ఆమె భర్త కేశవా విజయవాడలో ఒక అద్దె ఫ్లాటులో ఉంటారు. హాల్లో ఓ మూల పీట, దానిమీద దేవుడి పటాలు, పక్కన నేను. వాళ్ళకొక పిల్ల, ధృతి. ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆ ఇంట్లో నాకు కాస్త నచ్చిన మనిషి అదొక్కతే, ఎందుకంటే దానికి నటించడం రాదు. రోజూ అలేఖ్య దాన్ని నా ముందు నిలబెట్టి, "జేజికి దణ్ణం పెట్టు. జేజిని ముట్టుకోకూడదు, దూరంగా ఉండు" అని నేర్పేది. గోదావరి వైపు పసిపిల్లల భాషలో జేజి అంటే దేవుడు. నైవేద్యం పెట్టి, నన్ను మోగించి, తల్లి కళ్ళు మూసుకుంటే పిల్లా మూసుకునేది. కళ్ళు తెరిచి పళ్ళెం వంక చూసేది. అరటిపండు ఎక్కడిదక్కడే ఉండేది. పిల్ల మొహం ముడుచుకునేది. ఆ ఇంట్లో ఆ సంగతి కనిపెట్టింది అదొక్కతే.

ఇలా ఉండగా ప్రొద్దుటూరు నుంచి కేశవ తల్లిదండ్రులు ఓబులమ్మ, పుల్లయ్య వచ్చారు. మోకాళ్ళ నొప్పితో ఇన్నాళ్ళూ బస్సెక్కలేకపోయిన ఓబులమ్మ మనవరాలిని బారసాల నాడు చూడడమే. ఆమె ప్రాణమంతా పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మీదే ఉంది. గుమ్మంలోనే సంచీ కింద పెట్టి చేతులు చాచింది.

"రామ్మా, నేను మీ జేజిని. జేజి దగ్గరికి రా."

వాళ్ళ సీమలో జేజి అంటే నాన్నమ్మ. పిల్ల ఆగిపోయింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, నేర్పినట్టే దూరంగా జరిగి నిలబడింది.

పుల్లయ్య ముందుకొచ్చి, "పోనీ నేను మీ అబ్బను, నా దగ్గరికి రా" అన్నాడు. అక్కడ తాతను అబ్బ అంటారు. కానీ ఈ ఇంట్లో ఆ మాట కేశవ కాలు టీపాయికి తగిలినప్పుడే వినబడుతుంది. అందుకని పిల్ల జాలిగా వెళ్ళి ముసలాయన మోకాలి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఆయన మురిసిపోయి ఎత్తుకున్నాడు. ఓబులమ్మ మొహం మాడిపోయింది.

ఆ తరువాత నేను చూసిన తెలివితక్కువతనానికి అంతులేదు. ఓబులమ్మ పూటపూటా "జేజి, జేజి" అని పిలవడం, పిల్ల పూటపూటా దణ్ణం పెట్టి వెనక్కి జరగడం. లడ్డూ చూపించినా అంతే, బొమ్మ చూపించినా అంతే. నలుగురు పెద్దవాళ్ళు. అందులో ఇద్దరు పెద్ద చదువులు చదివినవాళ్ళు. ఒక్కరైనా ఆ మాట గురించి ఆలోచించారా? లేదు. దాని బదులు ఒకరినొకరు అనుమానించుకున్నారు, అది సులువు కదా.

ఓబులమ్మ కొడుకును వంటింటి గుమ్మం దగ్గర ఆపి, "నీ పెండ్లాము బిడ్డకు ఏం నేర్పిచ్చినాదో సూడు. జేజి దగ్గరికి పోవాకు, దండం పెట్టి దూరంగా నిలబడు అని చెప్పింటాది" అంది.

అలేఖ్య ఆ మధ్యాహ్నమే భర్తతో, "పసిపిల్లచేత రోజూ దణ్ణాలు పెట్టించుకోవడం ఏంటండీ మీ అమ్మగారు? ఎత్తుకుంటే అరిగిపోతారా?" అంది.

కేశవ ఇద్దరికీ "ఊఁ" అన్నాడు. మగవాళ్ళు నాలుక ఉండీ మోగని గంటలు.

చివరికి ఓబులమ్మ, ఉండాల్సిన రోజులు ఇంకా మిగిలుండగానే, ఊరికి పోదామని మొగుడితో చెప్పేసింది. పొద్దున్నే పీట పక్కన నేలమీద కూర్చుని చీరలు సంచీలో సర్దుతోంది. అలేఖ్య స్నానానికి వెళ్ళింది. పిల్ల తడబడుతూ వచ్చి, ఎన్నాళ్ళనుంచో కన్నేసిన నన్ను రెండు చేతులా లాక్కుంది. టంగుమని మోగించింది. సగం కొరికిన బిస్కెట్టు ఓబులమ్మ ముందు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఓబులమ్మకు ఏం అర్థమైందో నాకు తెలియదు. కళ్ళనీళ్ళతోనే ఆ బిస్కెట్టు తీసి నోట్లో వేసుకుంది.

పిల్ల కళ్ళు తెరిచింది. నేలమీద బిస్కెట్టు లేదు. దాని నోరు తెరుచుకుంది. నన్ను గభాలున వదిలేసింది. నేను పీట అంచుకు కొట్టుకుని రాతి గచ్చుమీద పడ్డాను. నా నాలుక ఊడి సోఫా కిందికి దొర్లిపోయింది. ఎవరూ చూడలేదు. పిల్ల ఒక్క అడుగులో ఓబులమ్మ ఒళ్ళోకెక్కి, బిస్కెట్టు ఎటు పోయిందోనని ఆమె నోట్లో వేళ్ళుపెట్టి వెతుకుతోంది.

తడి జుట్టుతో వచ్చిన అలేఖ్య అక్కడే నిలబడిపోయింది. నన్నూ, బిస్కెట్టు పొడినీ, పిల్లనూ చూశాక ఆమెకు వెలిగింది.

"అత్తయ్యగారూ, మా వైపు జేజి అంటే దేవుడండీ. ముట్టుకోకూడదని నేనే నేర్పాను. మీ గురించి కాదండీ."

ఓబులమ్మ పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "అట్లనా? దేవుడైతే మాత్రం బిడ్డను ఎత్తుకోకూడదామ్మా?" అంది.

సర్దిన చీరలు మళ్ళీ బయటికొచ్చాయి. మిగతా రోజులు పిల్ల ఆ ఒళ్ళో నుంచి దిగితే ఒట్టు. తరువాత వాళ్ళ ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు. పీట మీదికి కొత్త గంట వచ్చింది. నన్ను బొమ్మల బుట్టలో, చక్రం ఊడిన కారు పక్కన పడేశారు.

మర్నాడు అలేఖ్య నైవేద్యం పెట్టి కళ్ళు మూసుకుంది. పిల్ల మూసుకోలేదు. కదలని అరటిపండునూ, పటాన్నీ చూసి, "జేజి కాదు" అంది. బుట్టలోంచి నన్ను తీసుకుని వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులా ఊపడం మొదలుపెట్టింది. ఆగి తలుపు వంక చూసి, మళ్ళీ ఊపింది.

ఇన్నేళ్ళూ ఎవరు ఊపితే వాళ్ళకోసం నవ్వుకుంటూ మోగాను. మోగాలని నాకే అనిపించింది ఆ ఒక్కసారి.

నా నాలుక ఇంకా సోఫా కిందే ఉంది.