దింపని కేక

పద్మనాభం ఊరి నుంచి పట్నానికి తొలి బస్సు బయల్దేరేసరికి అసిరమ్మ గంప డ్రైవరు వెనకాల సీటు పక్కన ఉండాలి. ఎవరు ముందొచ్చినా ఆ చోటు ఖాళీగానే వదులుతారు. గంపలో గోంగూర, బచ్చలి, లేత ఆనపకాయలు, వాటి మీద తడి గోనె. మద్దిలపాలెంలో దిగి, గంప నెత్తికెత్తుకుని సీతమ్మధార వీధుల్లోకి నడిచి, మొదటి మలుపులో ఆగి కేక వేస్తుంది.

"గోంగూరోయ్... లేత గోంగూరా..."

ఆ కేక చెవిన పడిందా, ఇంక గోంగూర తినాల్సిందే. డాక్టరు పులుపు మానెయ్యమన్న పెద్దమనుషులు చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా వచ్చేస్తారు. పళ్ళు తోముకుంటున్నవాళ్ళు బ్రష్షు నోట్లో ఉండగానే సంచీ పట్టుకుని దిగుతారు. అసిరమ్మ తల్లి కేకా ఇంతే, ఆ తల్లిని కన్నతల్లి కేకా ఇంతేనట. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. కుళాయి వచ్చే వేళకి బిందెలు సర్దుకున్నట్టు, ఆమె వచ్చే వేళకి కత్తిపీట కడిగి పెట్టుకుంటారు.

గంప ఖాళీ అయ్యాక ఇంకో కేక ఉంది. అది దింపే కేక. గంప బోర్లించి, మూతి నేలకి ఆనించి, అడుగు మీద అరచేత్తో కొట్టి "అయిపోనాదమ్మో... ఇంక సాలమ్మా..." అంటుంది. ఎక్కిన ఆశ అంతటితో దిగిపోతుంది. దింపకపోతే గోంగూర దొరకనివాళ్ళు రోజల్లా అన్నం ముందు కూర్చుని అలమటిస్తారు. తల్లి ఆమెకి నేర్పిన కట్టుబాట్లు రెండే. ఎక్కించినది దింపకుండా ఇంటికి రాకు. కోపం మీద ఉన్నప్పుడు దింపకు, మనిషిలో ఉన్న ఆశంతా అడుగంటా దిగిపోద్ది.

ఇన్నేళ్ళలో అసిరమ్మ ఆ రెండూ తప్పలేదు. తప్పించినవాడు దేవీప్రసాద్.

దేవీప్రసాద్‌ది ద్వారకానగర్‌లో సెల్‌ఫోన్ల షోరూము. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, నవ్వుతూనే పీక మీద కూర్చునే రకం. అసిరమ్మ కూతురు ధనశ్రీ అందులో సేల్స్ గర్ల్. ఆ పిల్ల డిగ్రీ చదివింది. నల్ల టీషర్టు, మెడలో కార్డు, వచ్చినవాళ్ళకి ఫోను తిప్పి చూపించి ఇంగ్లీషు కలిపి చెప్పే తీరు చూసి అసిరమ్మ అద్దం బయట నిలబడి మురిసిపోయేది. తన కూతురి నెత్తి మీద గంప ఉండదు, అంతే చాలు ఆమెకి.

ఈ ఏడాది కంపెనీ కొత్త టాప్ మోడల్ దించింది. జగదాంబ సెంటర్ నుంచి గాజువాక దాకా ఎక్కడ చూసినా దాని బొమ్మే. హడావుడి కొండంత, బుకింగులు మాత్రం పిసరంత. జనం వచ్చి ఫోను పట్టుకుని, దాంతో ఫోటో దిగి, "ఉన్నది బాగానే పన్జేత్తంది కదేటి" అనుకుంటూ వెళ్ళిపోతున్నారు. దేవీప్రసాద్‌కి నిద్ర పట్టలేదు. కంపెనీ లెక్కంతా తొలి వారం అమ్మకాలే. ఊళ్ళో ఏ షాపు ముందుంటే ఆ షాపుకే జిల్లా మొత్తం డీలరు పదవి. అప్పుడే ఎవరో చెప్పారు, మీ ధనశ్రీ వాళ్ళమ్మ సీతమ్మధారలో కేకేసే అసిరమ్మేనని.

"మీ అమ్మని తీసుకురా. లేదంటే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం ధనశ్రీ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది.

"నాను పెంచంది, నాను తినంది ఎలాగ అమ్మాలే?" అంది అసిరమ్మ. "నా గంపలో నేని దానికి నాను కేకెయ్యను."

"గంపలో ఎడతారమ్మా. ఒక్క రోజే. సాయంత్రం దింపీసి ఎల్పోదువు గాని."

దింపీవచ్చు కదా అనుకుంది తల్లి. అక్కడే మెత్తబడింది.

షాపు ముందు బెలూన్లు, డప్పులు, ఒక కేకు. అసిరమ్మ గంపలో ఫోను డబ్బాలు పేర్చి నెత్తికెత్తారు. ఆమె కళ్ళు మూసుకుంది. "ఫోనోయ్... కొత్త ఫోనూ..."

ఏం చెప్పమంటారు! ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కినవాళ్ళు దిగిపోయారు. కోచింగ్ సెంటర్ల పిల్లలు క్లాసులోంచి లేచొచ్చేశారు. ఫోను ఎత్తడం కూడా సరిగ్గా రాని ముసలాయన ఒకడు దాన్ని గుండెకి హత్తుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చేతిలో సొమ్ము లేనివాళ్ళ కోసం దేవీప్రసాద్ ముందే బండి మేళా అని బోర్డు రాసి పెట్టాడు. నీ పాత బండి వదులు, కొత్త ఫోను పట్టుకెళ్ళు. షాపు వెనక ఖాళీ స్థలమంతా స్కూటర్లూ మోటారు సైకిళ్ళూ నిండిపోయాయి. ఎంత దిక్కుమాలిన తెలివో చూడండి!

సాయంత్రం డబ్బాలన్నీ అయిపోయాక అసిరమ్మ గంప బోర్లించబోయింది. దేవీప్రసాద్ గబుక్కున గంప పట్టుకున్నాడు.

"దింపకమ్మా! ఇంకా వారం ఉంది. స్టాక్ లేకపోయినా ఆశ ఉండాలి జనంలో. అదే కదా వ్యాపారం!"

"తప్పు బాబూ. ఎక్కించింది దింపాల."

"దింపితే నీ కూతుర్ని ఇప్పుడే ఇంటికి తీసుకుపో," అన్నాడు, అదే నవ్వుతో.

అద్దం లోపల ధనశ్రీ చేతులు జోడించి నిలబడి ఉంది. అసిరమ్మ గంప చంకలో పెట్టుకుని బస్సెక్కేసింది. ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు సీతమ్మధారలో గోంగూర కేక వేస్తే నలుగురొచ్చారు. వాళ్ళ చూపులు గంపలో లేవు. "నీ ఫోను కేక దింపలేదటగా అసిరమ్మా?" అని రామలక్ష్మమ్మ గేటు దగ్గరే అడిగేసింది. ఆవిడ ఆ వీధిలో అందరికంటే పాత బేరం. "మా ఆయన ఉన్న ఫోన్ని గోడకేసి కొట్టాడు. ఇల్లంతా ఒకటే గోల." కరెంటు పోతే లైన్‌మన్‌ని అడిగినట్టు అడిగిందావిడ. అసిరమ్మకి తల ఎత్తబుద్ధి కాలేదు.

వారం ముగిసేలోపు ఒక పొద్దున బస్సులో శ్రీరామ్మూర్తి కనిపించాడు. అసిరమ్మ ఊరివాడే, వరసకి తమ్ముడు, అక్కని అప్పా అంటాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద పని. ఎంత వానైనా బండి మీదే వెళ్ళొచ్చే మనిషి, బస్సులో ఆమె గంప పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫోను డబ్బా.

"నీ బండేదిరా?"

"ఇచ్చీసినానప్పా." డబ్బా పైకెత్తి చూపించాడు. "బండికి గొలుసు కొందారని ద్వారకానగర్ ఎల్నాను. నీ కేక ఇనిపించింది. ఇంకేటీ గుర్తు లేదు. తాళం సెయ్యి ఇచ్చీసి ఇది తెచ్చీసినాను."

"మరి డ్యూటీకి?"

"ఏటి డ్యూటీ? ఈ బస్సులట్టుకుని ఉక్కునగరం ఎల్లేసరికి గేటు మూసేత్తన్నారు. ఇయ్యాల షిఫ్టుకి ఏలకి రాకపోతే గేటు పాసు ఇచ్చీమన్నాడు కాంట్రాక్టరు. పాసు పోతే ఇంక నన్ను లోపలికి ఎవుడు రానిత్తాడప్పా? అయినా సూడు, దీన్ని ఒగ్గబుద్ధి కావడం లేదు. సిగ్గేత్తంది." డబ్బాని మళ్ళీ రొమ్ముకి అదుముకున్నాడు, పిల్లల తండ్రి.

అసిరమ్మకి ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు. దేవీప్రసాద్ మీద, అంతకంటే ముందు తన గొంతు మీద. ఆ రోజు మద్దిలపాలెంలో దిగలేదు. గోంగూర గోంగూరలాగే గంపలో ఉండగా కాంప్లెక్సు దాకా వెళ్ళి, శ్రీరామ్మూర్తి రెక్క పట్టుకుని షాపుకి నడిపించింది.

ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తలేదు, అప్పటికే లైను రోడ్డు దాటిపోయింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ అసిరమ్మకి ఏదో వినిపించింది. "ఫోనోయ్... కొత్త ఫోనూ..." ఆమె గొంతే. నోరు మూసుకునే ఉంది, గొంతు మాత్రం షాపు గుమ్మం మీది స్పీకర్లోంచి వస్తోంది. లైనులో జనం ఆ కేకకి ఒక్క అడుగు ముందుకు తోసుకున్నారు.

"నా గొంతు డబ్బాలో ఎట్టీసినావేటి?" అని అరిచింది.

దేవీప్రసాద్ గుమ్మంలోకొచ్చాడు, చేతిలో అదే టాప్ మోడల్ ఫోను. "రికార్డింగ్ ఎంత బాగా వచ్చిందో విన్నావా అమ్మా? నీకు శ్రమ లేకుండా రోజూ నేనే వేసుకుంటున్నా."

"ఈడి బండి ఈడికిచ్చీ. డ్యూటీకి ఎల్లాల."

"మేళాలో ఇచ్చిన బండి తిరిగివ్వం. బోర్డు మీద రాశాం."

"బాబూ, ఈడికి పని పోద్ది. పెళ్ళాం పిల్లలున్నోడు."

"నేను రమ్మన్నానా? ఇష్టపడి కొన్నాడు. జనానికి ఆశ ఉంటే నాదా తప్పు?"

అసిరమ్మ గంప దింపింది. లోపల ఉన్న గోంగూర కట్టలన్నీ తీసి షాపు మెట్ల మీద పేర్చింది, ఒక్క ఆకు నలగకుండా. దేవీప్రసాద్‌కి అర్థమైపోయింది.

"దింపావంటే నీ కూతురు..."

"నా కూతురు, నా కూతురు! ఆ మాటతోనే కదరా నా నోరు కట్టీసినావు! ఊళ్ళో ఆడబిడ్డల కన్నీళ్ళు అడ్డమెట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతావురా నువ్వు?"

ఈ అరుపుకి లోపల ధనశ్రీ పరుగున ముందుకొచ్చింది. అసిరమ్మ ఆమెకి చెవులు మూసుకోమని సైగ చేసింది. చిన్నప్పటి నుంచి ఆ సైగ ఎరిగిన పిల్ల. కౌంటరు మీద చూపించడానికి పెట్టిన ఇయర్‌బడ్స్ రెండూ చెవుల్లో కుక్కుకుని, వాటి మీద చేతులు కూడా నొక్కుకుంది. "నువ్వూ కట్టుకోరా," అంటే శ్రీరామ్మూర్తి తువ్వాలు తీసి చెవుల మీదుగా బిగించి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

తల్లి చెప్పిన మాట అసిరమ్మకి గుర్తు రాకపోలేదు. వచ్చింది. వచ్చినా ఆగలేదు. గంపని నేలకి బోర్లించలేదు కూడా. పక్కకి ఎత్తి పట్టుకుని, దాని మూతి దేవీప్రసాద్ ముఖానికి తిప్పింది. అడుగు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది.

"అయిపోనాదమ్మో! ఇంక సాలమ్మా! ఇంక సాలూ!"

లైను కదలడం మానేసింది. మొదట ఉన్న కుర్రవాడు ఆవలించాడు. వాడి వెనకామె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని గుర్తొచ్చి పరుగెత్తింది. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు, ఏదో పెళ్ళి భోజనం అయినట్టు నెమ్మదిగా ఎవరి దారిన వాళ్ళు సర్దుకున్నారు. దేవీప్రసాద్ చెయ్యి మాత్రం అలవాటుగా ఫోను మీద బటన్ నొక్కింది. "ఫోనోయ్..." అంది స్పీకరు. ఒక్కడూ వెనక్కి తిరగలేదు; దిగిన ఆశని మళ్ళీ ఎక్కించడం డబ్బాలో గొంతుకి చేతకాలేదు. దేవీప్రసాద్ ఆ బటన్ వంక చూశాడు. ఎందుకు నొక్కాడో ఆయనకే తెలియనట్టుంది. తర్వాత మెట్ల మీద, గోంగూర పక్కన కూలబడ్డాడు.

శ్రీరామ్మూర్తి తువ్వాలు విప్పాడు. చేతిలో డబ్బా వైపు చూసి, ఇదెందుకు మోస్తున్నానన్నట్టు మెట్టు మీద పెట్టేశాడు. తువ్వాల్లోంచి సన్నగా చెవిన పడినంత కేకే వాడికి సరిపోయింది, ఆ డబ్బా ఇప్పుడు ఒట్టి డబ్బాలాగే ఉంది.

"బాబూ, నా బండి..." అన్నాడు భయంభయంగా.

"తీసుకెళ్ళు," అన్నాడు దేవీప్రసాద్. జేబులోంచి తాళాల గుత్తి మొత్తం తీసి కింద పెట్టాడు. "అన్నీ తీసుకెళ్ళండి. ఎవరివి వాళ్ళు."

"అప్పా, ఎల్తన్నాను!" అని శ్రీరామ్మూర్తి షాపు వెనక్కి పరుగెత్తాడు. కాసేపటికి బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. ప్లాంటు గేటు మూయకముందే లోపల పడ్డాడని మర్నాడు ఊళ్ళో చెప్పుకున్నారు.

ధనశ్రీ చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీసింది. "నా ఉద్యోగం పోనట్టేనా అమ్మా?"

అసిరమ్మ దేవీప్రసాద్ వంక చూసింది. తీసెయ్యాలంటే కూడా మనిషికి ఒక కోరిక ఉండాలి. ఆయనలో అది కూడా మిగల్లేదు.

ధనశ్రీ ఉద్యోగం పోలేదు. మర్నాడు షట్టరు ఎత్తింది తనే, స్పీకరు పీకేసి ఆ రికార్డింగు తుడిచేసింది తనే. మిగిలిన బండ్లన్నీ ఫోన్లు తిరిగి తెచ్చినవాళ్ళకి అప్పజెప్పింది. ఇప్పుడా షాపుకి ఫోను పగిలిపోయినవాళ్ళూ, నిజంగా కావాల్సినవాళ్ళూ వస్తారు. డీలరు పదవి ఇంకెవరికో పోయింది. దాని గురించి దేవీప్రసాద్‌కి చెబితే "అలాగా" అన్నాడట.

ఆయన రోజూ పొద్దున్నే సీతమ్మధార మలుపుకి వస్తాడు. ఎందుకొస్తాడో ఆయనకీ తెలియదు. ఇంట్లో పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. గంప ముందు నిలబడి గోంగూర కట్ట వంక చూస్తూ ఉంటాడు.

"ఏటి కావాల బాబూ?" అంటుంది అసిరమ్మ.

"ఏమో అమ్మా. తెలియట్లేదు."

ఆ ముఖానికి ఎదురుగా ఒక్క ఎక్కించే కేక వేస్తే ఆశ మళ్ళీ లేస్తుందని వీధిలో అందరికీ తెలుసు. ఒకరోజు రామలక్ష్మమ్మ ఉండబట్టలేకపోయింది.

"పాపం, మనిషి గుల్లైపోయాడే అసిరమ్మా. ఒక్క కేక వెయ్యరాదూ?"

"ఏస్తానమ్మా. ఎయ్యననీలేదు." అసిరమ్మ గంప నెత్తికెత్తుకుంది. "నా కోపం దిగిన్రోజు ఏస్తాను."

దేవీప్రసాద్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆమె ఆయన్ని దాటి తర్వాతి మలుపు దాకా నడిచి, అక్కడ ఆగి కేక మొదలెట్టింది.