కత్తిరించిన కట్టు

లోహిత సర్వ్ చేసిన టెన్నిస్ బంతి గీతకు జానెడు లోపల పడి, వెనుక వలను గట్టిగా తాకింది. పదమూడేళ్ల పిల్ల చేతికి అంత బలం ఉండడం చిత్తూరులో ఎవరూ చూడలేదు. శిక్షకుడు వెంకటరమణ మాత్రం బంతిని చూడలేదు. ఆ పిల్ల ఎడమచేత్తో కుడి భుజాన్ని పట్టుకొని చప్పున వదిలేయడం చూశారు.

ఆరేళ్ల క్రితం నందిత కూడా అలాగే పట్టుకునేది.

"భుజం నొస్తోందా?"

"లేదు సార్. ఊరికే."

మాటా అదే, స్వరమూ అదే. మండుటెండలో ఆయనకు ఆకు పసరూ కోడిగుడ్డు సొనా కలిసిన వాసన తగిలింది. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి, ఇటువంటివి నమ్మరు. అయినా ఈ నెలలో ఇది నాలుగోసారి.

నందిత నగరి నేతవారి బిడ్డ. వెంకటరమణే ఆమె చేత రోజుకు రెండు వందల సర్వ్‌లు చేయించారు. భుజం వాచినప్పుడు తండ్రి పుత్తూరుకు తీసుకుపోయి ఆకు పసరు, గుడ్డు సొనతో కట్టు కట్టించాడు. కట్టినవారు మూడు వారాలు చేయి కదపవద్దన్నారు. పోటీకి ఎనిమిది రోజులే ఉంది. పసరుతో భుజం బాగుపడుతుందా అని నవ్వి, వెంకటరమణ ఆ కట్టును తానే కత్తిరించారు. పోటీ ముగిశాక ఆ చేయి భుజం దాటి లేవలేదు. కట్టినవారికి చేతకాలేదని ఆయన ఊరంతా చెప్పారు.

సాయంత్రం లోహిత తండ్రి గిరి, బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి బండి మీద వచ్చాడు.

"రేపు తిరపతి సెలక్షన్‌లో మా పాప దుమ్ము లేపుతాది కదా సార్? ఓడిపోతే, నాకు సెలవిచ్చిన మా సూపర్‌వైజరు మామిడికాయలతో పాటు నన్నూ పిండేస్తాడు."

"రేపు ఆడవద్దు, గిరీ. భుజం దెబ్బతింటోంది."

"నాకేం లేదు నాయనా," అంది లోహిత.

"పాపే లేదంటాది. ఇంకా గట్టిగా కొట్టమనింది మీరే కదా సార్?"

"నేనే. నందితకూ అదే చెప్పాను."

"పుత్తూరోళ్లు చెయ్యి పాడుచేసిన పాపా?"

"వారు కాదు. ఆ కట్టు కత్తిరించింది నేను."

గిరి నవ్వు ఆగిపోయింది. కూతురి చేతిలోని రాకెట్ తీసుకున్నాడు. "చెయ్యెత్తు పాపా."

చేయి చెవి దాకా లేచింది, ఆపైకి రాలేదు. లోహిత పెదవి కొరుక్కుంది. గిరి ఆ చేతిని మెల్లగా దించి, ఆమెను బండి ఎక్కించాడు.

"ఆ పాప నాయనకు చెప్పినారా ఈ మాట?"

"లేదు."

"ఆయనకు చెప్పకుండా నాకు చెప్పినారే సార్."

బండి వెళ్లిపోయాక వెంకటరమణ బస్టాండుకు నడిచి నగరి బస్సెక్కారు. జీవితంలో ఎన్నో ఉపన్యాసాలిచ్చిన ఆయన, నందిత తండ్రి గుమ్మం ముందు నిలబడి మొదట ఏమనాలో మనసులో వెతుక్కోసాగారు. బస్సు కదిలింది.