ఫ్రీజర్ పెట్టె మరమ్మతు

పెట్టె పాడైందని చెప్పింది నేనే. అది పాడవలేదు.

మా ఊరి ఫ్రెండ్స్ సర్వీస్ క్లబ్బు ఆస్తుల్లో పెద్దది ఆ ఫ్రీజర్ పెట్టె. ఇంట్లో ఎవరైనా పోతే, దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా శవాన్ని అందులో ఉంచుతారు. నరసాపురం చుట్టుపక్కల మా వైపు ఊళ్ళలో అప్పటికి అలాంటిది ఇంకొకటి లేదు. కొన్నరోజున అందరం చప్పట్లు కొట్టాం గాని, ఎక్కడ ఉంచాలి అనేసరికి ఎవరూ ముందుకు రాలేదు. రైసుమిల్లు బుల్లిరాజు గారి గోడౌన్‌లో కావలసినంత చోటుంది. వాళ్ళమ్మగారు ఒప్పుకోలేదు. "నేనుండగా అది నా గుమ్మం దాటి రాదు. నేను పోయాక తెచ్చుకోండి, పనికొస్తుంది" అన్నారట.

చివరికి నా భార్య సూర్యకళ, "మన సైకిల్ షెడ్డు ఖాళీగానే ఉంది కదండీ" అంది.

అప్పట్నుంచి పెట్టె మా షెడ్డులోనే ఉంది. కబురు రాగానే ట్రక్కు ఆటోలో తీసుకెళ్ళి, ప్లగ్గు పెట్టి, చల్లబడేదాకా ఉండి రావడం నా పని. తిరిగొచ్చాక కడగడం ఆవిడ పని. ముందు ఫినాయిల్, ఆఖరున పసుపు నీళ్ళు. తర్వాత అద్దం మూత తెరిచి ఎండబెట్టేది. పోయినాయనకి పిల్లలెంతమంది, ఎవరు ముందొచ్చారు, ఎవరు అందలేదు, అన్నీ అడుగుతూ కడిగేది.

శ్రావణంలో ఆవిడే పోయింది. రాజమండ్రి ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాం. మా అమ్మాయి మంజుష నాగపూర్ నుంచి రావాలి. వర్షాలకి రైళ్ళు ఆలస్యం. అమ్మాయి వచ్చేదాకా ఆవిణ్ణి ఆ పెట్టెలోనే ఉంచాం. పలకరింపుకి వచ్చినవాళ్ళు, పసుపు కుంకుమలతో వెళ్ళింది, అదృష్టవంతురాలు అన్నారు. నేను తలూపాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక అమ్మాయి వెళ్ళిపోయింది. పెట్టె షెడ్డులోకి వచ్చింది. లోపల పరిచిన తెల్లగుడ్డ మీద ఆవిడ పడుకున్న ముడతలు అలాగే ఉన్నాయి. పెట్టె ఇంకో ఇంటికి వెళ్ళాలంటే కడగాలి. కడిగితే ఆ ముడతలు ఉండవు. నాకు తెలిసింది అంతవరకే.

ఆ వారంలోనే వెనక వీధివాళ్ళు పెట్టె కోసం వచ్చారు. "కంప్రెసర్ పోయిందండి" అన్నాను. వాళ్ళు వెళ్ళి, రొయ్యలకి ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చుకున్నారు. మర్నాడు స్కూలుకి వెళ్తూ చూశాను. దిమ్మల మీద ఊక పోసి, పైన మనిషిని పడుకోబెట్టారు. అరుగు మీంచి నీళ్ళు కారి రోడ్డు మీదికి వచ్చాయి. సైకిల్ దిగి, నీళ్ళు దాటి, మళ్ళీ ఎక్కాను. ఆ రోజు తొమ్మిదో తరగతికి డెల్టాలు ఎలా ఏర్పడతాయో చెప్పాను.

శనివారం క్లబ్బు మీటింగు. మా దగ్గర మీటింగు కాసేపే, ఆ తర్వాత టిఫిను. ఆ టిఫినునే అందరూ ఫెలోషిప్ అంటారు. ఆ సాయంత్రం పెసరట్టు ఉప్మా. నా ప్లేటులో అల్లం పచ్చడి ఎవరు వేశారో చూడలేదు.

ప్రెసిడెంటు తాతాజీ గారు రొయ్యల మేత డీలరు. ఆయన లేచి, "పెట్టె పాడైందట. ఇలాంటప్పుడు మాస్టారి నెత్తిన వదిలేస్తామా? భీమవరం నుంచి మెకానిక్‌ని పిలిపించాను. రేపు ఆదివారం, అందరం ఆయనింటికి వెళ్దాం" అన్నారు.

"ఒక్క కంప్రెసర్‌కి ఇంతమందెందుకండీ?" అన్నారు బుల్లిరాజు గారు.

"మీ మిల్లు మోటారు కాలినప్పుడు అందరం రాలేదా?"

"వచ్చారు. మా ఇంట్లో ఇడ్లీలన్నీ తిని వెళ్ళారు."

"వద్దండి, నేనే చూపించుకుంటాను" అన్నాను.

"మీరు ఊరుకోండి మాస్టారూ" అన్నారు తాతాజీ గారు. మిగతావాళ్ళూ అదే అన్నారు.

ఆదివారం పొద్దున్న కటింగ్ ప్లేయరు తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఒక్క వైరు తెంపితే నా మాట నిజమవుతుంది. కాని నిజంగా పాడైతే దాన్ని విప్పుతారు, భీమవరం తీసుకుపోతారు. ప్లేయరు గూట్లో పెట్టేశాను.

కాసేపటికి వాళ్ళు వచ్చారు. వాకిట్లోనే తాతాజీ గారు చెప్పారు. "లేసులు అల్లే సాయిదుర్గ లేదూ, వాళ్ళ నాన్న తెల్లారుజామున పోయాడండి. కొడుకు సూరత్ నుంచి బయల్దేరాడట. ఈ పెట్టె బాగైతే వాళ్ళకి పెద్ద సాయం."

మెకానిక్ పేరు అప్పాజీ. వచ్చీ రాగానే మూత ఎత్తాడు. పసుపు వాసన వచ్చింది. గుడ్డ మీద కనకాంబరాలు ఎండి నల్లబడి ఉన్నాయి. బుల్లిరాజు గారు చెప్పులు విడిచారు.

"వాడాక కడగలేదేంటండీ?" అన్నాడు అప్పాజీ.

అతను ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. మోటారు తిరిగింది. అందరం ఆ చప్పుడు విన్నాం.

"బానే ఉంది కదండీ! కంప్రెసర్ పోయిందని ఎవరు చెప్పారు మీకు?"

నేను గోడ వైపు చూస్తున్నాను.

"చూశారా, భీమవరం చెయ్యి పడేసరికి బాగైపోయింది" అన్నారు తాతాజీ గారు.

"నేనేం చెయ్యలేదండి. ప్లగ్గు పెట్టానంతే."

"అదేనయ్యా. మేం పెడితే తిరగలేదు."

"లూజు కాంటాక్టు అయ్యుంటుంది" అన్నారు బుల్లిరాజు గారు.

"లూజు కాంటాక్టయితే ఇలా రాదండి..."

"అయ్యుంటుందయ్యా!"

అప్పాజీ వాళ్ళ మొహాలు చూశాడు. నా మొహమూ చూశాడు. స్విచ్చి ఆపి, ప్లగ్గు లాగి, స్క్రూడ్రైవరు తీసి, బిగువుగానే ఉన్న స్క్రూలు విప్పి మళ్ళీ బిగించాడు.

"ఇదేనండి. లూజుగా ఉంది" అన్నాడు.

తాతాజీ గారు నా వైపు తిరగకుండా, "మీరు సరేనంటేనే మాస్టారూ. లేకపోతే ఐసు దిమ్మలు చెబుతాను. మన ఫ్యాక్టరీయే" అన్నారు.

అరుగు మీంచి కారిన నీళ్ళు గుర్తొచ్చాయి.

"ముందు ఆ గుడ్డ తియ్యాలి" అన్నాను.

నేనే తీశాను. పువ్వులు లోపలే ఉండేలా నాలుగు మడతలు వేశాను. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఇలా ఇవ్వండి అనలేదు. లోపలికి వెళ్ళి మంచం మీద పెట్టి వచ్చాను.

వచ్చేసరికి బుల్లిరాజు గారు పంచె ఎగ్గట్టి ఫినాయిల్ కలుపుతున్నారు. తాతాజీ గారు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు.

"మూలలు రుద్దండి రాజుగారూ."

"రుద్దుతున్నానండీ బాబూ. ఇంట్లో గ్లాసు కడిగి ఎరగను."

"మీ అమ్మగారు చూస్తే?"

"చూస్తే ఇవాళే ఎక్కుతుంది ఇందులో. ఎవరికీ చెప్పకండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "నవ్వండి, పర్వాలేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"పసుపు నీళ్ళు ఆఖరున" అని, పసుపు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్ళాను. డబ్బాలో పసుపు ఉంది. ఆ నీళ్ళు నేనే పోశాను. తాతాజీ గారు పొడిగుడ్డతో తుడిచారు.

మామూలుగా ఆటోవాడూ నేనూ వెళ్ళేవాళ్ళం. ఆ రోజు అందరూ వచ్చారు. చావింట్లో రమ్మని అనరు, వెళ్ళొస్తామని మనమూ అనం. పెట్టె దించి, వసారాలో పెట్టి, ప్లగ్గు పెట్టాను. చల్లబడ్డాక పెద్దాయన్ని పడుకోబెట్టారు.

మూతకి చెయ్యి వేస్తుంటే సాయిదుర్గ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "లోపల బాగా చల్లగా ఉంటదాండీ?"

"ఉంటుందమ్మా. ఉండాలి."

"మా నాన్నకి చలి పడదండి. ఎండాకాలం కూడా కప్పుకునే పడుకుంటాడు."

"పోయినోడికి చలేంటే, పిచ్చిదానా! మాస్టారి చెయ్యి వదులు" అంది వాళ్ళ మేనత్త.

లోపల దళసరి గుడ్డలు వెయ్యకూడదు. వేస్తే చల్లదనం మనిషికి అందదు. ఆ సంగతి ఎన్నో ఇళ్ళలో నేనే చెప్పాను. బుల్లిరాజు గారికీ తెలుసు. ఆయన నా వైపు చూశారు.

"ఆయన దుప్పటి తీసుకురామ్మా" అన్నాను.

తెచ్చింది. తనే గుండెల దాకా కప్పి, అంచు భుజం కిందికి దోపింది. నేను చల్లదనం మీట ఇంకొంచెం తిప్పి, మూత వేశాను.