తొంభై ఏడో నంబరువాడి చెయ్యి

ఈ అమెరికాలో, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ గురించి నోరు పారేసుకునేవాళ్లు కోట్లమంది. ఏడాది మొత్తంలో అవతలి జట్టును అందరికన్నా బాగా అడ్డుకున్న ఆటగాడెవరో తేల్చే ఓటు మాత్రం యాభైమందికే ఉంది. అందులో ఒకటి నాది. ఈరీ సరస్సు ఒడ్డున మా ఊరి పేపరుకు ఇరవై రెండేళ్లుగా ఆటల పేజీ రాస్తున్నానని ఇచ్చారు గానీ, ఈ మార్లీన్ డూడెక్ అందం చూసి కాదు. ఐదు పేర్లు వరసగా రాసి పంపాలి. మొదటి పేరుకు పది పాయింట్లు, రెండోదానికి ఐదు, మూడోదానికి మూడు, ఆ కింద ఇంకా తక్కువ. ఫలితాలు వచ్చాక ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా అచ్చేస్తారు. మన తెలివితక్కువతనాన్ని దేశమంతా తీరిగ్గా చదువుకోవచ్చు.

అందుకే నేనెప్పుడూ జాగ్రత్తగా వేశాను. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని, అది వాడి చేతిలోంచి వదలకముందే పట్టి నేల కరిపిస్తే దాన్ని శాక్ అంటాం; ఇద్దరు కలిసి పడేస్తే చెరి అర. శాకులు ఎవడికి ఎక్కువుంటే వాడి పేరు పైన రాసేయడమే నా పద్ధతి. అంకె చూపిస్తే ఎవరూ తిట్టరు.

ఈ ఏడు ఆ పేరు మావాడిదే. జేవాన్ టిబ్స్, తొంభై ఒకటో నంబరు. ఆదివారం చివరి ఆట ముగిసేసరికి ఇరవై ఒక్క శాకులు. టెక్సస్‌లో ప్రూయిట్ అనేవాడికి ఇరవైన్నర. మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఎవరికీ రాని బహుమతి అర శాకు తేడాతో గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

ఆ ఇరవై ఒకటో శాకును టిబ్స్ పేరన రాయించింది మా ఆయన.

లెన్నీ ముప్పై ఒక్క ఏళ్లుగా మా స్టేడియం లెక్కల గదిలో కూర్చుంటున్నాడు. మొన్నమొన్నటి దాకా వారమంతా ఉత్తరాలు పంచి, ఆదివారం మాత్రం బైనాక్యులర్స్ కళ్లకు ఆనించి, ఎవడు ఎవణ్ణి పడేశాడో నంబరుతో సహా మైకులో చెప్పేవాడు. ఉద్యోగం అయిపోయింది, ఆదివారం మిగిలింది. ఆయన చెప్పింది పక్కనున్న అమ్మాయి టైపు చేస్తే అదే దేశమంతటికీ లెక్క. తప్పు పడితే బుధవారంలోగా లీగువాళ్లు దిద్దుతారు. ఇన్నేళ్లలో ఆయనవి నాలుగే దిద్దారు. ఆ నాలుగూ తేదీలతో సహా ఆయనకు కంఠతా వచ్చు. మా పెళ్లిరోజు మాత్రం క్యాలెండరు చూసి చెబుతాడు.

నాకూ ఓ అలవాటుంది. ఆట అయ్యాక, పై ఊరి జట్టు సెంటర్ దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఇవాళ నిన్ను ఎక్కువ సతాయించింది ఎవడు?" సెంటరంటే బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించి, ఆ మరుక్షణమే ఎదురుగా ఉన్నవాణ్ణి ఢీకొట్టేవాడు. దెబ్బలు తిన్నవాడికన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఈ ఏడు మా ఊరొచ్చిన తొమ్మిదిమంది సెంటర్లలో ఎనిమిదిమంది ఒకే పేరు చెప్పారు. అది టిబ్స్ కాదు, సెఫో టుయాసావ్. తొంభై ఏడో నంబరు, సమోవా దీవుల కుర్రాడు, మూడు వందల నలభై పౌండ్ల మనిషి. నట్టనడుమ నిలబడి ఇద్దర్ని తన మీదికి లాక్కుంటాడు. ఆ ఇద్దరూ వీడితో కుస్తీ పడుతుంటే టిబ్స్ పక్కనున్న ఖాళీలోంచి వెళ్లి శాకు కొడతాడు. సెఫోకి మాత్రం శాకుల గడిలో సీజనంతా సున్నా. సెంటర్లు చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఓటు మాత్రం అంకెకే వేసేదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఆదివారం ఆ ప్రశ్న అడిగేసరికి మాడ్సెన్ అనే సెంటర్ మెడ మీద ఐసు సంచీ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకెవడు మేడమ్, ఆ తొంభై ఏడుగాడే. ఆ చివరి శాకు కూడా వాడిదేగా, సగమన్నా."

"టిబ్స్‌దన్నారే?"

"అన్నవాళ్లు అద్దాల గదిలో వెచ్చగా కూర్చుని అన్నారు. నేను వాడి కింద పడున్నా. మా క్వార్టర్‌బ్యాక్ నడుం పట్టి లాగిన చెయ్యి నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. వేళ్ల దాకా పచ్చబొట్టు. టిబ్స్‌కి ఒంటి మీద చుక్క కూడా లేదు."

ఆ అద్దాల గదిలో కూర్చున్నాయనకు ఇంటికెళ్లి అన్నం పెట్టాల్సింది నేనేనని మాడ్సెన్‌కు తెలియదు.

సోమవారం మధ్యాహ్నం లెన్నీ బంగాళదుంప కూరిన పియెరోగీలు తింటుంటే టీవీలో ఆ ఆట పెట్టాను. వెనక వైపు కెమెరా పట్టిన వీడియో అది. మంచు దట్టంగా పడుతోంది. మనుషులు కుప్పగా పడ్డారు. ఆ కుప్పలోంచి ఓ చెయ్యి వచ్చి అవతలి క్వార్టర్‌బ్యాక్ తెల్ల జెర్సీని పిడికిట్లో పట్టింది. అక్కడ ఆపాను.

"చూడు," అన్నాను.

"చూశాను. మంచు."

"మంచు కింద?"

"మార్లీన్, నన్ను తిననిస్తావా లేదా?"

"ఆ చెయ్యి ఎవరిది లెన్నీ?"

ఆయన ఫోర్కు కింద పెట్టాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్లాడు. వేళ్ల మీద నల్లటి గీతలు, ముక్కోణాలు.

"టిబ్స్ కూడా ఉన్నాడుగా," అన్నాడు చివరికి.

"ఉన్నాడు. భుజం పట్టుకున్నాడు. చెరి సగం."

"ఆ సగం తీసేస్తే టిబ్స్, ఆ టెక్సస్‌వాడు సమానమవుతారు. బహుమతి చేతికందాక జారిపోతుంది. ఊరంతా నన్ను కొడుతుంది."

"నేనేమన్నా దిద్దమన్నానా?"

"నువ్వేమీ అనవు. ఆపి చూపిస్తావు. అదే నీ రోగం."

నిజమే. లీగువాళ్లకు నేనే చెప్పొచ్చు, పేపర్లో రాయనూ వచ్చు. కానీ ముప్పై నాలుగేళ్లుగా ఒకే కంచంలో తింటున్న మనిషిని నలుగురిలో పెట్టడం నావల్ల కాలేదు. ఆయన తప్పు ఆయనే దిద్దుకోవాలి, లేదా ఉంచుకోవాలి. మంగళవారమంతా ఇద్దరం ఉప్పు, మిరియాల డబ్బాల గురించి తప్ప దేని గురించీ మాట్లాడుకోలేదు.

బుధవారం పొద్దున్న ఆయన మా వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. తర్వాత పక్కింటివాళ్లది ఎత్తాడు. ఆ తర్వాత ఆయనకు పదేళ్లుగా మాటల్లేని ఎదురింటివాళ్లది కూడా ఎత్తాడు. లోపలికొచ్చి, బూట్లు విప్పకుండానే ఫోను తీశాడు.

"హలో, నేను లెన్నీ డూడెక్‌ని. ఆదివారం ఆట, నాలుగో క్వార్టరు, ఆఖరి శాకు. తొంభై ఒకటన్నాను, తప్పు. తొంభై ఒకటికి సగం, తొంభై ఏడుకి సగం." కాసేపు విన్నాడు. "లేదండీ, క్లబ్బువాళ్లెవరూ అడగలేదు. నేనే అడుగుతున్నాను."

ఫోను పెట్టేసి నాకేసి చూశాడు.

"ఐదు," అన్నాడు.

నేను దగ్గరికెళ్లి ఆయన మఫ్లరు మీది మంచు దులిపాను. ఆ క్షణంలో ఆయన మీద నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. చెబితే ముడుచుకుపోతాడని చెప్పలేదు కూడా.

గురువారం ఆటగాళ్ల గదికి వెళ్లాను. సెఫో సంతోషిస్తాడనుకున్నాను. వాడు నన్ను చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఆంటీ, అంకుల్‌కి ఎందుకొచ్చిన గొడవిది?"

"అదేంట్రా! నీ సగం నీకొచ్చింది."

"నాకెందుకు సగం? బహుమతి జేవాన్‌కొస్తే మా అందరికీ వచ్చినట్టే. వాడు లేచీ లేవగానే చెప్పాడు, ఇది నీది కూడారా అని. నోరు ముయ్యమన్నా."

పక్కనుంచి టిబ్స్ తువ్వాలు విసిరాడు. అది సెఫో నెత్తిన పడింది. "నాలుగు రోజులుగా చెబుతున్నా మేడమ్, వింటేగా! నా సగం కొట్టేసి, మళ్లీ వీడే ఏడుపు ముఖం పెట్టాడు. చూడండి."

సెఫో తువ్వాలు తీయకుండానే నవ్వాడు. అప్పుడు చెప్పాడు. వాళ్లమ్మ కాలిఫోర్నియాలో, కార్సన్‌లో ఉంటుంది. వీడి ఆట ఒక్కటీ వదలదు. ఆదివారం ఇంటినిండా చుట్టాలు, చర్చిలో ఆవిడతో కలిసి పాడేవాళ్లు అందరూ టీవీ ముందే ఉన్నారట. ఆ కుప్ప పడగానే ఆవిడ లేచి, "అది నా కొడుకు చెయ్యి!" అని అరిచిందట. టీవీవాళ్లు టిబ్స్ అన్నారు. అందరూ, నీకు పిచ్చి, మంచులో నీకేం కనబడిందీ అని నవ్వారట.

"మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు ఆంటీ. బుధవారం పాటల ప్రాక్టీసుకి వెళ్లింది. మధ్యలో మా కజిన్ ఫోను చూసి లెక్క మారిందన్నాడంట. ఇంకేముంది! పాట ఆపించి, ఒక్కొక్కళ్ల దగ్గరికి వెళ్లి చెప్పించుకుంది, 'అది నీ కొడుకు చెయ్యే' అని. పాస్టరు గారి చేత కూడా."

"మరి ఇప్పుడు నీకు కోపమేనా?"

"సగం కోపం," అన్నాడు సెఫో.

శుక్రవారం పన్నెండింటిలోగా ఓటు పంపాలి. పావు తక్కువ పన్నెండుకు నేనూ లెన్నీ బెర్నడెట్ హోటల్లో వేయించిన చేపల కోసం కూర్చున్నాం. లెక్క మారిన సంగతి ఊరంతా తెలిసిపోయింది, ఎవరు మార్పించారన్నదే క్లబ్బులోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియలేదు. బెర్నడెట్ పళ్లేలు పెడుతూ హోటలంతా వినబడేలా అంది:

"ఆ ఫోను చేసినవాడెవడో తెలియాలి. వాడికి చేప కాదు, ముల్లు పెడతా!"

లెన్నీ లేచి నిలబడ్డాడు. మామూలుగా పళ్లెంలో సాసు తక్కువైందని చెప్పడానికి కూడా నన్ను ముందుకు తోసే మనిషి.

"పెట్టు ముల్లు. నేనే."

బెర్నడెట్ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వా? మరి ఆదివారం కళ్లేం చేస్తున్నాయి?"

"మంచు పడుతోంది. తప్పు చూశాను."

"తప్పు చూస్తే?"

"చూస్తే దిద్దాలిగా."

ఆవిడ కత్తి తీసుకుని ఆయన పళ్లెంలో చేపను సరిగ్గా మధ్యకి కోసి, ఒక ముక్క ఎత్తుకుపోయింది. "సగం తీసేశావుగా, నేనూ సగం తీసేశా." హోటలంతా గొల్లుమంది. లెన్నీ ఎర్రగా కందిపోయి కూర్చుని, మిగిలిన సగం హాయిగా తిన్నాడు.

నేను ఫోను తీశాను. మొదటి గడి ఖాళీగా ఉంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి భయమేసింది. ఇరవైన్నర ఉన్నవాణ్ణి పక్కన పెట్టి అర ఉన్నవాణ్ణి పైన పెడితే దేశమంతా నవ్వుతుంది. కానీ ఎనిమిదిమంది సెంటర్లు చెప్పారు. రెండు వేల మైళ్ల అవతల కూర్చున్న వాళ్లమ్మ చూసింది. పక్కనున్నాయన ముప్పై ఏళ్ల పరువు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంత జరిగాక నేను మళ్లీ అంకె చాటున దాక్కుంటే నా ముఖం నేను చూసుకోలేను. సెఫో టుయాసావ్ అని రాశాను.

లెన్నీ తొంగి చూశాడు. "రెండోది?"

"టిబ్స్."

"టెక్సస్‌వాడు?"

"మూడు."

"పంపించు. ఇక్కణ్ణుంచి తరిమితే కెనడా పోదాం. సరస్సు దాటితే చాలు."

ఫిబ్రవరిలో ఫలితాలొచ్చాయి. టిబ్స్ ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచాడు. కెనడా తప్పింది. పట్టికలో ఎక్కడో కింద సెఫో పేరుంది. మొదటి స్థానం ఓట్లు: ఒకటి. పక్కన నా పేరు. వారం రోజులపాటు ఎక్కడెక్కడివాళ్లో నన్ను గుడ్డిదన్నారు, ముసలిదన్నారు. మాడ్సెన్ మాత్రం ఒక ముక్క రాశాడు: "మెడ ఇంకా నొప్పిగానే ఉంది మేడమ్. బాగా వేశారు."

ఆ తర్వాత సెఫో ఓ ఫోటో పంపాడు. కార్సన్‌లో వాళ్లమ్మ వంటింట్లో ఫ్రిజ్ తలుపు. నా ఓటు వచ్చిన పట్టిక కత్తిరించి అంటించుంటుందని నేను కొంచెం ముందే పొంగిపోయాను. అది కాదు. ఆ ఆదివారం ఆట లెక్కల కాగితం, దిద్దిన తర్వాతది. తొంభై ఏడో నంబరు వరసలో శాకుల గడి చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టారు. లోపల అర అనే అంకె.

లెన్నీకి ఇచ్చాను. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన చెప్పిన అంకెలు ఎన్ని వేల కాగితాల మీద అచ్చయ్యాయో. సోమవారానికి అవన్నీ చెత్తబుట్టలోకే.

"ఫ్రిజ్ మీద పెట్టుకున్నారు మార్లీన్," అన్నాడు. "నా తప్పుని."

"తప్పుని కాదు లెన్నీ. నువ్వు దిద్దినదాన్ని."

ఇప్పుడు ఎవరొచ్చినా తన ఐదు తప్పులూ చెబుతాడు. మొదటి నాలుగూ గబగబా అప్పజెప్పేస్తాడు. ఐదోదాని దగ్గరికి వచ్చేసరికి కాఫీ కప్పు కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆ రోజు మంచు పడుతోంది," అని మొదలుపెడతాడు.