ఏడో హోల్ దగ్గరి రాయి

రెబెక్క అడిగింది ఒక్కటే. తను పోతే శవపెట్టెలో తన పక్కన పాపను పూడ్చిన చోటి మన్ను గుప్పెడు వెయ్యాలని.

ఇంకేం చెయ్యలేం, ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పి పదిరోజులైంది. ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. కిటికీ పక్కన మంచం వేశారు. ఆమె తిండి అడగలేదు, పాస్టరును అడగలేదు. ఆ మన్ను అడిగింది. సాలోమోను సరే అనలేదు, కాదనలేదు. పెండ్లయి యాభై ఏండ్లయినా అతని నోట్లోంచి మాట తియ్యడం లోతుబావిలో నీళ్లు చేదినట్టే.

ఆ మన్ను ఉన్నది సికింద్రాబాద్ అవతల, తెల్లదొరలు కట్టిన గోల్ఫ్ క్లబ్బులో. సాలోమోను అక్కడ ముప్పై ఏండ్లు గడ్డి కోశాడు. రెబెక్క కలుపు తీసింది. కాపురం కూడా అక్కడే, ప్రహరీ వెంబడి రేకుల ఇండ్లలో. తొలిచూలు పిల్ల సాధన పదకొండో నెలలో జ్వరమొచ్చి పోయింది. మూడు రోజుల ముసురు. నాలా పొంగి సమాధుల తోటకు దారి లేదు. అప్పటి సెక్రటరీ సారు గొడుగు పట్టుకొని వచ్చి, ఏడో హోల్, అంటే బంతి వేసే ఏడో గుంట, పక్కన వేపచెట్ల కింద పూడ్చుకోమన్నాడు. సాలోమోను ఒక నల్లరాయి మీద మేకుతో సిలువ గీసి అక్కడ పాతాడు.

దాంతో క్లబ్బులో ఒక ఆనవాయితీ పడింది. బంతి పోయి ఆ రాయి దగ్గర పడితే అక్కడ కర్ర ఊపరు. బంతిని చేత్తో తీసి రెండు కర్రల దూరం జరిపి ఆడతారు. దానికి తప్పు పట్టరు. కొత్తగా వచ్చిన సార్లకు సంచులు మోసే క్యాడీలే చెప్పేవాళ్లు, అక్కడ కొట్టొద్దు సార్ అని. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోయినా జరిపేవాళ్లు. సాలోమోనుకు అంతే చాలు.

గడ్డి పని కంపెనీకి ఇచ్చినాక వీళ్లను ఖాళీ చేయించారు. పాత గేటువాళ్లు ఉన్నన్నాళ్లు ఈస్టరు పొద్దున పోయి కొవ్వొత్తి పెట్టి వచ్చేవాళ్లు. వాళ్లూ పోయాక అదీ బందైంది. బందై ఎనిమిదేండ్లు.

ఇప్పుడు క్లబ్బు పెట్టి నూటనలభై ఏండ్లయిందని ఒక ఆదివారం బయటివాళ్లకు చూపిస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేసే కోడలు సుజన ఆ సంగతి ఫోన్‌లో చూసి మామ పేరు ఎక్కించింది.

"మామా, మీకు ఆట ఒస్తదా అని అడుగుతున్నడు. ఏం కొట్టాలె?"

"గడ్డి కోస్తనని కొట్టు."

"గది లేదు గిండ్ల. రాదని కొడుతున్న."

ఆదివారం మెట్రో ఎక్కి, దిగి, ఆటోలో పోయాడు. గేటు దగ్గర అంగీకి పేరున్న చీటీ అంటించారు. కాపలాదారు సలాం కొట్టాడు. ముప్పై ఏండ్లలో ఆ గేటు దగ్గర అతనికి సలాం కొట్టినవాళ్లు లేరు.

పదిహేను మందిని ఉపేంద్ర అనే కుర్ర మెంబరు తిప్పి చూపించాడు. బంగారు అక్షరాల బోర్డులు, దొరల ఫోటోలు, చెక్క కర్రలు. చివర అద్దాల పెట్టెలో నల్లరాయి. సిలువ గీత ఒక పక్క వంకర. ఆ రోజు మేకు జారింది అక్కడే.

"మా క్లబ్బులో అందరికీ ఇష్టమైన కథండీ ఇది," అన్నాడు ఉపేంద్ర. "ఒక కల్నల్ దొరగారి కుక్క ఏడో హోల్ దగ్గర పాము కరిచి చచ్చిపోయింది. దొరగారు దాన్ని అక్కడే పూడ్చి ఈ రాయి వేయించారు. మొన్నమొన్నటిదాకా బంతి అక్కడ పడితే ఎవరూ కొట్టేవారు కాదు. మా పుస్తకంలో కూడా వేశాం."

"కుక్కకు గింత మంచి జాగ దొరికింది," అన్నాడు వనస్థలిపురం నుంచి వచ్చిన ఒకాయన. "మా బాపు పోతే ఆరడుగుల కోసం మూడు దినాలు తిరిగినం."

నలుగురు నవ్వారు.

"అది కుక్కది కాదు," అన్నాడు సాలోమోను.

"అవునాండీ? మరెవరిదంటారు?"

"నా బిడ్డది."

నవ్వులు ఆగాయి. ఉపేంద్ర చేతిలో మైకు ఆపేశాడు. మంచి పిల్లాడే. పక్కకు తీసుకుపోయి మెల్లగా అడిగాడు.

"కాగితం ఏమైనా ఉందా అంకుల్?"

వానలో పూడ్చిన పిల్లకు కాగితం ఎక్కడిది.

"ఆ సెక్రటరీ గారు?"

"సచ్చిపోయిండు."

"పోనీ తెలిసినవాళ్లు ఇంకెవరైనా?"

సాలోమోను మనసులో ఒక్కొక్క పేరే అనుకున్నాడు. అందరూ మట్టిలో కలిసినవాళ్లే. తల అడ్డంగా ఊపాడు.

"కమిటీకి రాసివ్వండి, నేనే ఇస్తాను."

"రాసుడొద్దు. నాకు గుప్పెడు మన్ను గావాలె. గా ఏడో హోల్ కాడిది."

ఉపేంద్ర తీసుకుపోయాడు. అక్కడ వేపచెట్లు లేవు. గడ్డి పచ్చగా, దువ్వినట్టు ఉంది.

"రెండేళ్ల కిందట ఇదంతా తవ్వించాం అంకుల్. నీళ్లు నిలవకుండా నాలుగడుగుల పాతమట్టి తీసేసి ఇసుక పోయించాం."

"గా మన్ను యాడ పోసిండ్రు?"

"కాంట్రాక్టరు లారీల్లో తోలుకెళ్లాడు. ఎవరి ప్లాట్లు నింపాడో ఏమో."

మన్నుతోపాటు పాప కూడా లారీ ఎక్కిందని అర్థం కావడానికి సాలోమోనుకు కొంచెంసేపు పట్టింది. మోకాళ్ల మీద కూర్చున్నాడు. గడ్డి అంచు లేపి చేతికి వచ్చినంత తీసి రుమాల్లో మూటకట్టాడు.

"తీసుకోండి అంకుల్, గుర్తుగా ఉంటుంది," అన్నాడు ఉపేంద్ర.

ఇంటికొచ్చేసరికి రెబెక్క మేలుకొనే ఉంది. మూట విప్పమంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. పద్దెనిమిదేండ్లు ఆ నేలలో కలుపు తీసిన వేళ్లు.

"గిది ఇసుక," అంది.

అతను రుమాలు అంచు మడిచాడు.

"మన్ను తీసేసిండ్రా?"

"ఆఁ."

"అంతనా?"

"అంత."

ఆమె వేళ్లకంటిన ఇసుక దులుపుకుంది. "రాయైనా ఉన్నదా?"

"ఉన్నది. అద్దాల పెట్టెల పెట్టిండ్రు."

"ఏమని రాసిండ్రు?"

"నాకు ఇంగ్లీషు రాదు గదా."

"రాయినేం జేసుకుంట," అని రెబెక్క గోడ దిక్కు తిరిగింది.

సుజన వచ్చి దుప్పటి సర్దింది. సాలోమోను రుమాలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. పారబోద్దామంటే చెయ్యి రాలేదు. దాచిపెట్టడానికి అందులో ఏమీ లేదు.