కుట్టు గది నేల

మా ఆయన సెబున్యా పోయిన రోజు నుంచి మా ఇంట్లో చీపురు కదలలేదు. ఆయన వంశంలో పద్ధతి అది. చివరి కర్మ జరిగే ఉదయం, పోయినవారి చెల్లెలు అందరి ముందూ మొదటి చీపురు వేయాలి. అంతవరకు దుమ్మును దుమ్ముగానే ఉంచాలి. మసాకా పట్నంలో మాది ఎర్రమట్టి వీధి. లారీ వెళ్తే, కిటికీలు మూసినా ఆ మట్టి లోపలికి వస్తుంది. కర్మ ఆగస్టు సెలవులకు వాయిదా పడింది. అప్పటికి ఇంట్లో ఎక్కడ అడుగేసినా పాదాల కింద గరగరలాడేది. వంటగదిలో తడిగుడ్డ వేసుకోవచ్చని మా ఆయన మేనత్త అనుమతి ఇచ్చింది. తడిగుడ్డ చీపురు కాదట.

కుట్టు గదిలోకి తడిగుడ్డ కూడా పోలేదు. ఆయన బడి యూనిఫాంలు కుట్టేవారు. ఆఖరి ఉదయం మా బడి పిల్లలవే, నీలం గౌన్లు కుడుతున్నారు. మిషను చుట్టూ నీలం దారపు తునకలు, కత్తిరించి పడేసిన అంచులు, మడమ కింద నలిగిన సుద్దముక్క. ఆయన లేచి వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రోజూ బడి నుంచి వచ్చి ఆ గుమ్మంలో నిలబడేదాన్ని. లోపల అడుగు పెట్టేదాన్ని కాదు. కర్మ రోజు దాకా ఆ నేల నాదే అనుకున్నాను. ఇంకేమీ అడగలేదు ఎవరినీ.

మా ఆడబిడ్డ నంబూజె కంపాలాలో ఉంటుంది. ఇంటి సామాన్లు వాడి చూసి, బాగోగులు చెబుతూ ఫోన్లో వీడియోలు పెడుతుంది. అదే ఆమె బతుకుతెరువు. కర్మకు కొన్ని రోజుల ముందే వచ్చింది. చేతిలో పొడవాటి అట్టపెట్టె.

"ఏంటది?"

"వాక్యూమ్ క్లీనర్ వదినా. వైరుండదు, కర్రలా పట్టుకుని తిరగొచ్చు. కరెంటు పోయినా నడుస్తుంది. మనకి కావలసింది అదేగా!"

"ఇక్కడికెందుకు తెచ్చావు?"

"శుక్రవారానికి కంపెనీకి వీడియో ఇవ్వాలి. ఎక్కడో ఒకచోట చేసుకుంటాలే."

"ఈ ఇంట్లో కుదరదు."

"తెలుసు వదినా, నాకు చెప్పాలా?"

మర్నాడు పరీక్ష పేపర్లు దిద్ది ఇంటికి వచ్చేసరికి, వీధిలోకే హోరు వినిపించింది. కుట్టు గది తలుపు తెరిచి ఉంది. ఆయన బట్ట కత్తిరించే బల్ల మీద ఫోన్ నిలబెట్టి, దానితో మాట్లాడుతోంది నంబూజె.

"చూశారా అండీ, నెలల తరబడి ఊడ్చని నేల! ఇలాంటిది షాపులో చూపించమంటే చూపిస్తారా? ఈ ముందు లైటు వేస్తే ఏ మూల ఎంత దుమ్ముందో మొత్తం బయటపడిపోతోంది. తక్కువ స్పీడులోనే ఎర్రమట్టి పోయింది. దారాలు మాత్రం రోలరుకి చుట్టుకుంటున్నాయి, అదొక లోపం. కుట్టుమిషను కిందకి కూడా తల ఎంత సులువుగా దూరిపోయిందో చూడండి. దీనికి పదికి పది."

నన్ను చూసి వాక్యూమ్ ఆపింది.

"వదినా, అలా చూడకు. చీపురు ముట్టుకోలేదు. అత్తకి ఫోన్ చేసి అడిగాను."

"ఏమని?"

"మిషను పెట్టొచ్చా అని. చీపురు కాకపోతే నాకెందుకే అంది. నవ్వింది కూడా."

"ఈ గదిలో అని చెప్పావా?"

రోలరులోంచి ఒక దారం పీకడం మొదలుపెట్టింది.

"చెప్పావా?"

"ఎలాగూ మొదటి చీపురు నాదేగా వదినా. నాలుగు రోజులు ముందు. అదీ చీపురుతో కాదు."

"చీపురు కాదు కాబట్టి నేల ఊడ్చినట్టు కాదు. అంతేనా?"

"అంతే."

"అయితే శనివారం చీపురుతో ఏం ఊడుస్తావు?"

"బళ్ళో పిల్లల్ని అడిగినట్టు అడక్కు వదినా! ఆయన నాకు అన్నయ్యే. ఈ గదిలోకి రాగానే నేనూ ఏడ్చాను."

"ఏడుస్తూనే తీశావా వీడియో?"

"లేదు. ఏడవడం అయిపోయాక."

ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాను. అనుకున్నంత బరువు లేదు. పిడి కింద గాజులాంటి డబ్బా ఉంది. దాని నిండా బూడిదరంగు ఉండ, ఎర్రమట్టి, నీలం తునకలు.

"ఇదెలా తెరుచుకుంటుంది?"

"పెరట్లో పారబోద్దాం వదినా, ఇక్కడైతే..."

"ఎలా తెరుచుకుంటుంది?"

మీట చూపించింది. కుట్టుమిషను తొక్కుడు పలక పక్కన డబ్బా బోర్లించాను. ఆయన కత్తెర తీసుకుని రోలరుకు చుట్టుకున్న దారాలన్నీ కోసి ఆ దుమ్ములోనే వేశాను. ఆ పాత నేల తిరిగి రాలేదు. ఒక కుప్ప వచ్చింది. సుద్దముక్క పొడిలో కలిసిపోయింది. ఏది సుద్దో ఏది దుమ్మో తెలియలేదు.

"నీ వీడియోలో చెప్పు," అన్నాను. "రోజువారీ పనికి బాగుందని చెప్పు. ఏమీ మిగల్చదని చెప్పు. అబద్ధం కాదు. ఇది ఎవరి గదో కూడా చెప్పు."

"అదెలా చెబుతాను? కంపెనీవాళ్లు ఏమనుకుంటారు?"

"అయితే నోరు మూసుకుని బయటికి నడు."

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఏ పిల్లతోనూ ఆ మాట అనలేదు.

శనివారం ఉదయం మేనత్త వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలి కుప్పను, చుట్టూ మెరుస్తున్న గచ్చును చూసింది.

"ఓసి దొంగమొహమా! మిషనంటే సోఫా దులిపేదేదో అనుకున్నానే! ఇక్కడా పెట్టావు?"

"నువ్వే సరే అన్నావుగా అత్తా."

"నేను అన్నాను సరే, నీకు బుర్ర లేదా?" అని నెత్తి మీద ఒకటి మొట్టింది. చుట్టాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆ మొట్టికాయతో అందరికీ ఆ తప్పు తీరిపోయింది. "సర్లే, కుప్పయినా మిగిలింది. దాన్నే ఊడ్చు. పెద్దలు ఎండలో కూర్చున్నారు."

కొత్త చీపురు మేనత్త చేతిలో ఉంది. నంబూజె పొడవాటి గోమేసి గౌను నడికట్టు బిగించుకుని ముందుకొచ్చి చెయ్యి చాచింది. నేను ఆ చీపురు తీసుకున్నాను.

"అది నీ పని కాదు అమ్మాయ్," అంది మేనత్త.

"తెలుసు అత్తయ్యా."

"తెలిసి ఎందుకు పట్టుకున్నావు? పెళ్ళాం ఊడిస్తే ఈ వంశంతో తెంచుకుని పోయినట్టే లెక్క. బయట మరుదులు చూస్తున్నారు. రేపు నీ ముఖం చూడరు."

"చూడకపోనివ్వండి."

 నంబూజె చెయ్యి ఇంకా చాచే ఉంది. కళ్ళలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన నీళ్లేనని నాకు తెలుసు. అయినా నా కోపం తగ్గలేదు.

"వదినా, నా చేతికివ్వు. మా అన్నయ్య..."

"పక్కకి జరుగు," అన్నాను. "నీ పాదం కింద దారం ఉంది."

జరిగింది. వంగి, కుట్టుమిషను కింది నుంచి మొదలుపెట్టి, నేనే ఊడ్చాను.